నా మూడు వేళ్ళు, ఒక చీపురు పుల్ల

నా కుడి చేతికి ఏడాదికి పైగా రెండు వేళ్ళే ఉన్నాయి. చూసేవాళ్ళకు ఐదూ కనిపించేవి. గోళ్ళు పెరిగేవి, కత్తిరించుకునేదాన్ని. కాని బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు నావి కావు. సూదితో గుచ్చినా, ఐసు ముక్క పెట్టినా, కాలిన పెనం తగిలినా వాటికి పట్టింపే లేదు. "చెయ్యి మంచిగనే ఉన్నది గద, ఇంకేం బాధ?" అని అడిగేవాళ్ళకు మొదట్లో విడమర్చి చెప్పేదాన్ని. తర్వాత విసుగొచ్చి, అడిగినవాళ్ళ మొహాన తలుపేసేదాన్ని.

కోపం తగ్గాక రాయమని మా ఆయన మస్కట్ నుంచి ఫోన్లో అన్నాడు. అది తగ్గేదాకా ఆగితే ఈ జన్మలో రాయను. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. నాలాగ బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, చెయ్యి తెగిన రోజున ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలుస్తుంది. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి నా ఎదురుగానే కూర్చుని నాలుగు కుట్లు వేసి ఇంటికి పంపాడు.

నా పేరు సుజాత. కోరుట్లకు దగ్గరలో ఒక పల్లె మాది. పదో తరగతి పాసయ్యాను. బీడీలు చుట్టడం మాత్రం అంతకు ముందే, నన్ను కన్న మా అవ్వ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఒక్కడే కొడుకు, జగిత్యాలలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఇంట్లో నేను, మా అత్త రాజవ్వ. ఆమె కూడా బీడీలే చుడుతుంది. ఆమె వేళ్ళు నా వేళ్ళకంటే వేగం. ఇది ఒప్పుకోవడం నాకు ఎప్పుడూ ఇష్టం లేదు.

నిరుడు జనవరి

ఆ పుష్య మాసంలో మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఒక మాట పాకింది. ఒక్క కొడుకే ఉన్న తల్లి, ఇద్దరు కొడుకులున్న తల్లి చేత గాజులు వేయించుకోవాలట. లేకపోతే ఆ ఒక్క కొడుకుకూ కీడట. ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో ఎవరికీ తెలియదు. ఫోన్లో వచ్చిందని ఒకరు, పక్క ఊరి పూజారి చెప్పాడని ఒకరు. కోరుట్లలో గాజుల దుకాణాల ముందు జాతర లెక్క జనం.

నేను వద్దన్నాను. మా అత్త వింటేనా? ఇద్దరు కొడుకులున్న ఐదుగురు ఆడవాళ్ళను వాకిట్లో కూర్చోబెట్టింది. ఒక్కొక్కరు నాలుగేసి గాజులు తొడిగారు. అప్పటికే ఉన్నవాటితో కలిపి రెండు చేతులకూ మణికట్టు నుంచి మోచేతి దగ్గరిదాకా ఆకుపచ్చ గాజులే. బీడీ చుట్టేటప్పుడు ఒకటే గలగల. తీసేస్తానంటే మాసం దాటనియ్యమని అడ్డం పడింది. నా కొడుకు పేరు చెప్పి నా నోరు మూయించారు. వాడు ఈ సంగతి విని హాస్టల్ నుంచి ఫోన్ చేసి నవ్వాడు.

నాలుగో రోజు పొద్దున నల్లా దగ్గర బోళ్ళు తోముతుంటే, నాచు పట్టిన బండ మీద కాలు జారింది. కుడి చెయ్యి ఆన్చి పడ్డాను. గాజులన్నీ ఒక్కసారి పగిలి, ఒక పెంకు మణికట్టు లోపలి వైపు దిగింది. దాన్ని నేనే పీకేశాను. రక్తం చిమ్మింది.

తర్వాత నేను చేసిన పని ఇప్పటిదాకా ఇద్దరికే చెప్పాను. ఇంట్లోకి ఉరికి, బీడీల చేట, మా మాటలో శాట, అందులోంచి పిడికెడు తంబాకు తీసి గాయంలో అదిమి పెట్టాను. మా వాడకట్టులో అందరం చేసేది అదే. తునికాకు కత్తిరించేటప్పుడు కత్తెర తగిలి వేలు తెగితే, ఎవరైనా లేచి దూదికీ మందుకూ పోతారా? చేతికి అందేది తంబాకు. చిటికెడు అద్దితే రక్తం ఆగుతుంది, పని సాగుతుంది. మా అవ్వ చేసింది, నేను చేశాను. వేలి మీది గీతకు చేసేదాన్ని, మణికట్టులో లోతుగా తెగినదానికీ చేశాను.

మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి ఒక్కదాన్నే పోయాను. ఇంజెక్షన్లు ఇచ్చి, గ్లూకోజు ఎక్కించి, జ్వరాలు తగ్గించే మనిషి. ఊళ్ళో అందరం డాక్టరు సాబ్ అనే పిలుస్తాం. ఆయన గాయం మీది తంబాకు చూసి, "మంచి పనే జేసినవ్, నెత్తురు ఆగింది" అన్నాడు. ఆ మెచ్చుకోలు నాకు బాగా గుర్తుంది. పైపైన కడిగి, నాలుగు కుట్లు వేశాడు. వేళ్ళు మొద్దుబారాయని చెబితే, వాపు తగ్గితే అదే వస్తుందన్నాడు. నా వేళ్ళను ఒక్కసారైనా ముట్టుకుని చూడలేదు. ఆయన కళ్ళు కుట్ల మీదే ఉన్నాయి. కుట్లు మాత్రం అందంగా పడ్డాయి.

హోళీ దాకా

పది రోజులకు కుట్ల దగ్గర చీము పట్టింది. మళ్ళీ పోయాను. కడిగాడు, గోలీలు ఇచ్చాడు. చీము తగ్గింది, వేళ్ళు మేలుకోలేదు. మూడోసారి పోతే బలం గోలీలు రాసి, నాది అనుమానం జబ్బని మా అత్తతో అన్నాడు. నేను అక్కడే బెంచీ మీద ఉండగా, నాతో కాకుండా ఆమెతో అన్నాడు.

బీడీ చుట్టడం కళ్ళతో చేసే పని కాదు. ఆకులో ఎంత తంబాకు పడిందో వేళ్ళకు తెలుస్తుంది. టీవీ చూస్తూ, ముచ్చట పెడుతూ చుడతాం. ఇప్పుడు నేను ప్రతి బీడీనీ కళ్ళ ముందు పెట్టుకుని, గుడ్లప్పగించి చుట్టాల్సి వచ్చింది. అయినా ఒకటి వదులు, ఒకటి పగులు. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే మనిషి నా కట్టల్లోంచి సగం ఏరి పక్కకు పారేసేవాడు. నాకంటే వెనక చేరినవాళ్ళ ముందు, నా బీడీలు నేల మీద. కొన్ని రోజులు ఇట్లాగే సాగితే కార్డు తీసేస్తామన్నారు. పనికీ పీఎఫ్‌కూ ఆధారమైన బీడీ కార్డు పోతే తిరిగి రావడం ఎంత కష్టమో మా దిక్కు ఆడవాళ్ళనెవరినైనా అడగండి.

ఒకరోజు రొట్టె కాలుస్తున్నాను. ఏదో మాడిన వాసన వచ్చింది. రొట్టె చూస్తే తెల్లగానే ఉంది. మాడుతున్నది నా చూపుడు వేలు. పెనం అంచుకు ఆనుకుని ఉంది, నాకు తెలియదు. చెయ్యి వెనక్కి తీసుకోవాలని కూడా తోచక, చూస్తూ నిలబడ్డాను. నా ఒళ్ళు కాలుతుంటే నాకు ముక్కు చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. భయం వెనకాలే కోపం వచ్చింది, ఇంతవరకూ పోలేదు.

ఆ వారం నుంచి మా అత్త నా వాటా బీడీలు కూడా తనే చుట్టి, నా కార్డు మీద వేయించడం మొదలుపెట్టింది. అడగలేదు, చెప్పలేదు. కట్టలు లెక్క తేలినప్పుడు నాకు అర్థమైంది. దానికి కూడా నాకు కోపమే వచ్చింది. గాజులు తొడిగించిన చేతులతో నా పని చేస్తుందా అని. మంచితనం మీద కూడా మండిపడే స్థితికి మనిషి వస్తుందని అప్పుడే తెలుసుకున్నాను.

జూన్

కరీంనగర్లో నరాల డాక్టరు ఉన్నాడని విని, ఒక్కదాన్నే పోయాను. కోరుట్లలో బస్సెక్కి, జగిత్యాలలో మారి, పది గంటలకల్లా చేరాను. టోకెను తీసుకుని వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నం రెండైనా నా నంబరు రాలేదు. నంబరు పిలిచే మనిషికి తెలిసినవాళ్ళు వస్తే తలుపు తెరుచుకునేది, మిగతావాళ్ళకు గోడ మీది దేవుడి క్యాలెండరే దిక్కు. రెండుసార్లు లేచి గట్టిగా అడిగాను. రెండుసార్లూ కూర్చోమన్నారు.

నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు రాంబాయి. ఆసిఫాబాద్ దాటి లోపల ఎక్కడో గూడెమట. ముందురోజే బయలుదేరి, మంచిర్యాలలో చుట్టాల ఇంట్లో పడుకుని వచ్చింది. మాటల్లో, తనకు చిన్నప్పుడు కుష్టు వచ్చిందని, మందులు మింగితే పూర్తిగా పోయిందని, పాదాల్లో స్పర్శ మాత్రం తిరిగి రాలేదని మామూలుగా చెప్పింది. ఆ మాట వినగానే అటువైపు కూర్చున్నవాళ్ళు లేచి వేరే బెంచీకి పోయారు. నేను కూడా ఒక జానెడు జరిగాను. జరిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆమె అది చూసింది, పట్టించుకోలేదు. నీ చెయ్యికేమైందని అడిగింది. నేను చెప్పుకుంటూ పోతే విన్నది విన్నట్టే లేచి, వరండా మూలన ఉన్న చీపురులోంచి ఒక పుల్ల విరుచుకొచ్చింది.

"కండ్లు మూస్కో చెల్లె. ఏ ఏలు ముట్టిన్నో జెప్పు."

మూసుకున్నాను. చిటికెన వేలు అన్నాను. ఉంగరపు వేలు అన్నాను. ఆ తర్వాత ఎదురు చూస్తూ కూర్చున్నాను. ఎంతకూ ముట్టుకోదేమిటని కళ్ళు తెరిస్తే, పుల్ల నా చూపుడు వేలి మీదే ఉంది. అప్పటికే మూడు వేళ్ళ మీదా మూడేసి సార్లు పెట్టిందట.

"నీ నరం తెగింది. మా గూడెంల సిస్టరమ్మ వచ్చి ఇట్లనే జూస్తది, కుష్టు మచ్చ ఉన్నోళ్ళందరికి" అంది. ఆపైన నెమ్మదిగా కొన్ని జాగ్రత్తలు చెప్పింది. వేడి గ్లాసు ముందు ఎడమ చేత్తో ముట్టుకోవాలి. రోజూ సాయంత్రం వేళ్ళు తిప్పి తిప్పి చూసుకోవాలి, ఎక్కడ కాలిందో, ఎక్కడ కోసుకుందో. నొప్పి లేనిచోట కళ్ళే కాపలా అంది. చెప్పి, తన మూటలోంచి ఉడకబెట్టిన పల్లీలు తీసి నా ఎడమ చేతిలో పోసింది.

అడవిలో ఉన్న గూడెంలో, బడికి పోని ఆడమనిషికి దొరికిన పరీక్ష అది. ఖర్చు లేదు, మిషను లేదు. ఒక చీపురు పుల్ల. సందుకొక క్లినిక్ ఉన్న కోరుట్ల పక్కనే ఉండి కూడా నాకు ఐదు నెలలు దొరకలేదు. కరీంనగర్ డాక్టరు ఆ సాయంత్రం కరెంటు తీగల మిషను పెట్టి చూసి, రాంబాయి చెప్పిన మాటే చెప్పాడు. మణికట్టు దగ్గర పెద్ద నరం పూర్తిగా తెగింది, హైదరాబాద్ పోవాలన్నాడు. తెగిన రోజే వస్తే రెండు కొసలూ కలిపి కుట్టేవాళ్ళని కూడా అన్నాడు. ఆ మాట ఆయన అనకుండా ఉంటే బాగుండేది.

ఆగస్టు

హైదరాబాద్‌లో పెద్దాస్పత్రి. నా చెయ్యి చూసిన డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. నేను మళ్ళీ మళ్ళీ అడిగినా మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది.

తెగిన నరం కొసలు చీము పట్టి, ముద్దకట్టి పాడయ్యాయి. పాడైన మేర కోసేస్తే మధ్యలో రెండు వేళ్ళ వెడల్పు ఖాళీ వస్తుంది. లాగి కుడితే తెగిపోతుంది. మధ్యలో ఏదైనా పెట్టాలి. ఒక దారి, నా కాలి పిక్కలోంచి ఒక నరం తీసి పెట్టడం. అప్పుడు పాదం పక్క భాగం మొద్దుబారుతుంది. రెండో దారి కొత్తది, అక్కడ ఇప్పుడిప్పుడే పరీక్షగా చేస్తున్నారు. చనిపోయిన మనిషి కుటుంబం దానంగా ఇచ్చిన నరం పెట్టడం. దాన్ని అట్లాగే పెట్టరు. ఆ మనిషి కణాలన్నీ పోయేదాకా మందులతో కడిగేస్తారు. సన్నటి గొట్టాల కట్ట ఒకటి మిగులుతుంది. కణాలు లేవు కాబట్టి మన ఒళ్ళు దాన్ని పరాయిదని తరమదు. మన నరం ఆ గొట్టాల్లోకి దూరి, దారి పట్టుకుని, మెల్లగా వేళ్ళ దాకా పెరగాలి.

"అంటే తంబాకు దులిపేసిన బీడీ లెక్కన్నా మేడం?" అని అడిగాను. పారేసిన బీడీలు విప్పేటప్పుడు ఒక్కోసారి తంబాకంతా రాలిపోయి, ఆకు మాత్రం చుట్ట విడకుండా ఉంటుంది. ఆమె అవునని, అయితే ఆ ఆకులో తంబాకు తిరిగి నింపాల్సింది ఎవరో కాదు, నా ఒళ్ళేనని చెప్పింది. రోజుకు ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప అని, పెరుగుతుందన్న హామీ కూడా లేదని, కాగితం మీద సంతకానికి ముందే చెప్పింది. అన్ని నెలల్లో నాతో సూటిగా మాట్లాడిన మొదటి డాక్టరు ఆమె.

ఇంట్లో చెబితే పిడుగు పడ్డట్టయింది. మూడో రోజు మా అత్త అడిగింది.

"శవం నరం వెట్టుకున్న చేత్తోని మాకు అన్నం వెడ్తవా?"

మా ఆయన ఫోన్లో తన అవ్వ మాట కాదనలేక, నా మాట వినలేక, కాలి నరమే పెట్టించుకోమన్నాడు. పాదం ఒక పక్క మొద్దుబారితే ఏమవుతుంది, నడవొచ్చు గదా అన్నాడు. నా చెయ్యి గురించి, నా కాలు గురించి అందరికీ ఒక అభిప్రాయం ఉంది. మొద్దుబారడమంటే ఏమిటో తెలిసింది నాకొక్కదానికే. వేలు కాలుతుంటే ముక్కుతో కనుక్కున్నదాన్ని నేను. ఇంకో చోట కూడా అదే తెచ్చుకోమంటారు. ఫోన్ పెట్టేసి, దానంగా వచ్చిన నరానికే ఒప్పుకుంటూ కాగితం మీద ఎడమ చేత్తో సంతకం చేశాను. మా అన్న తోడు వచ్చి ఆస్పత్రిలో ఉన్నాడు.

ఆపరేషను మర్నాడు డాక్టరమ్మ ఒక చిన్న సీసా తెచ్చి చూపించింది. అడుగున గోధుమరంగు పలుకులు నాలుగైదు. గాయంలో ఏం పెట్టావని ముందే అడిగింది, పసుపు అని అబద్ధమాడాను. ఇప్పుడు ఆ పలుకులు చూసి తంబాకని ఒప్పుకున్నాను. పొద్దస్తమానం చేత్తో పట్టుకునేది గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటాను? ఏడు నెలలు నా మణికట్టులో కూర్చుని ఉంది. ఒక్క తంబాకు వల్లే ఇంత కాలేదని, కడగకుండా కుట్టడం వల్ల కూడా చీము పట్టిందని ఆమె నెమ్మదిగా చెప్పింది. కాని నరం కొసలు పాడుకావడంలో దాని వాటా దానికుందని దాచలేదు.

అంతవరకు నా కోపం మా అత్త మీద, ఆర్‌ఎంపీ మీద. ఆ రోజు దానికి మూడో మనిషి దొరికింది. ఆస్పత్రి అద్దంలో ఆ మనిషిని చూడలేక మొహం కడుక్కోవడం మానేశాను.

బతుకమ్మ నుంచి చలికాలం దాకా

చేతికి కొన్ని వారాలు పట్టీ. తర్వాత నెలకోసారి హైదరాబాద్. డాక్టరమ్మ నా అరచేతి మీద వేలితో తట్టుకుంటూ వచ్చేది. ఒకచోట తట్టగానే కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. నరం అక్కడిదాకా వచ్చిందన్నమాట. ఆ చోట బాల్‌పెన్నుతో చుక్క పెట్టేది. మొదటి నెల చుక్క మణికట్టు దగ్గరే. మరో నెలకు అరచేతి మొదట్లో. ఇంత ప్రాణం పెట్టి ఎదురు చూస్తే, ఇంతే జరిగిందా అని తిరుగు బస్సులో చుక్కను చూసి తిట్టుకునేదాన్ని.

ఇంట్లో మా అత్త నాకు స్నానం చేయించేది, తల దువ్వేది, చీర కుచ్చిళ్ళు పెట్టేది. నా పేరు మీద బీడీలు చుడుతూనే ఉంది. కాని నా కుడి చెయ్యి ముట్టేది కాదు. స్నానానికి ముందు దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి ముడి వేసేది, కవరు మీద నుంచే పట్టుకునేది. నేను ఆ చేత్తో పట్టిన గిన్నెను వేరుగా పెట్టేది. తన అన్నం తనే వండుకునేది.

మూడు నెలలు ఓర్చుకున్నాను. ఒకరోజు నేను మంచినీళ్ళ చెంబు అందిస్తే, తీసుకోకుండా కింద పెట్టమంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"గాజులు ఏపిచ్చింది నువ్వు. తంబాకు వెట్టుకున్నది నేను. గా సచ్చినోళ్ళు ఏం పాపం జేసిండ్రు అత్తా? మనిద్దరం నాశనం జేసిన చెయ్యికి వాళ్ళు తొవ్వ ఇచ్చిండ్రు. గసుంటోళ్ళతోని అంటు అయితదా మనకు?"

తంబాకు సంగతి ఆమెకు తెలియడం అదే మొదలు. చెంబు అక్కడే ఉండిపోయింది. ఆ సాయంత్రం శాట ముందు కూర్చుని చాలాసేపు బీడీ చుట్టలేదు, తంబాకు వేళ్ళతో కెలుకుతూ ఉంది. ఆమె అట్లా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. అంత అరిచినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఇప్పుడు కూడా లేదు.

అయితే ఒక సంగతి రాయకపోతే అన్యాయం. పెన్ను చుక్క రెండు స్నానాలకు చెరిగిపోవాలి. నెల తిరిగి డాక్టరమ్మ దగ్గరికి పోయేదాకా నా చుక్క ఎప్పుడూ చెక్కుచెదరకుండా ఉండేది. కవరు అంత జాగ్రత్తగా కట్టడం వల్లనే అనుకునేదాన్ని. ఒకసారి మధ్యాహ్నం కునుకు తీసి కళ్ళు తెరిస్తే, మా అత్త నా కొడుకు పాత పెన్ను పట్టుకుని, నా చెయ్యికి తన వేలు తగలకుండా వంగి, మాసిపోతున్న చుక్క మీద మళ్ళీ చుక్క పెడుతోంది. నేను కళ్ళు మూసుకున్నాను.

ఈ ఏడాది ఏప్రిల్

స్పర్శ వస్తే హాయిగా ఉంటుందనుకున్నాను. అది నొప్పిగా వచ్చింది. ముందు వేళ్ళ మొదట్లో మంట, ఆ తర్వాత చీమలు పాకినట్టు తిమ్మిరి, దుప్పటి తగిలినా భరించలేనంత. మళ్ళీ ఏదో చెడిందని భయపడి ఫోన్ చేస్తే, డాక్టరమ్మ నవ్వింది. తిట్టాను కూడా. ఆమె ఇంకా నవ్వింది.

ఒక పొద్దున నానబెట్టిన తునికాకు కట్టను ఎత్తబోతే నడిమి వేలికి చల్లగా తగిలింది. నిజమా అని మళ్ళీ నీళ్ళలో ముంచాను. చల్లగానే ఉంది. కాని ఆ చల్లదనం నడిమి వేలిలో కాదు, బొటనవేలిలో ఉన్నట్టు తోచింది. నరాలు గొట్టాల్లోంచి వచ్చేటప్పుడు కొన్ని దారి తప్పి పక్క వేలికి పోతాయట. కళ్ళు మూసుకుని బియ్యం, పెసలు, శనగలు వేళ్ళతో పట్టుకుని ఏది ఏదో చెప్పే సాధన చేయమన్నారు. ముప్ఫై ఏళ్ళు దాటినదాన్ని, పలక పట్టిన పిల్లలా శనగ, పెసర అని వల్లె వేసుకుంటూ కూర్చునేదాన్ని. తప్పు చెప్పినప్పుడల్లా గింజలు విసిరికొట్టేదాన్ని. మా అత్త ఏరి గిన్నెలో వేసేది.

జూలై

ఇన్ని నెలల్లో నేను మరిచిపోని పని ఒకటుంది. ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి, జనం ముందర, నా కడుపులో ఉన్నదంతా అనాలి. బస్సుల్లో, వరండాల్లో, మంచం మీద ఆ మాటలు ఎన్నిసార్లు కూర్చుకున్నానో. చెయ్యి తేరుకోనీ, అప్పుడు పోదాం అనుకున్నాను. ఒక సోమవారం తేరుకున్నట్టే అనిపించి పోయాను.

లోపల ఆయన గాయం కుట్టబోతున్నాడు. ఎదురుగా మా పక్క వాడకట్టు మల్లవ్వ. పొలం గట్టు మీద గడ్డి కోస్తుంటే కొడవలి తగిలిందట, ఎడమ అరచేతికి, చిటికెన వేలి వైపు. గాయం మీద తంబాకు. ఆమె కూడా బీడీలు చుట్టే మనిషే. ఆయన సూదికి దారం ఎక్కిస్తున్నాడు.

కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "ఆగు" అన్నాను. సాబ్ అనలేదు. తలుపు వెనక ఉన్న చీపురులోంచి ఒక పుల్ల విరిచాను. ఆయన సూది పట్టుకునే పక్కకు జరిగాడు. మల్లవ్వను కళ్ళు మూసుకోమన్నాను.

బొటనవేలు అంది. చూపుడు వేలు అంది. నడిమిది అంది. ఉంగరపు వేలు దగ్గర కొంచెం తడబడింది. పుల్ల చిటికెన వేలి మీద పెట్టాను. ఆమె చెప్పలేదు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ.

"ముట్టవేందే సుజాతా?" అంది మల్లవ్వ, కళ్ళు మూసుకునే.

ఆయన సూది బల్ల మీద పెట్టాడు. పుల్ల ఎక్కడుందో ఆయనకు కనిపిస్తూనే ఉంది. నేను ఆయన వైపు తిరిగి చెప్పాను.

"నాకు గిది చెయ్యలే నువ్వు. మూడుసార్లొచ్చిన. ఒక్కసారి ముట్టి చూస్తే తెలుస్తుండె."

ఆయన తల వంచుకుని, తనకు ఎవరూ నేర్పలేదన్నాడు. అది నిజమే కావచ్చు. నిజమైనంత మాత్రాన నేను క్షమించలేదు, ఆ మాట కూడా ఆయనతోనే అన్నాను. నేర్పకపోతే అడగాలి, తెలియకపోతే పంపాలి, అంతే గాని రోగిది అనుమానం జబ్బని అత్తతో చెప్పకూడదు. తర్వాత గాయంలోని తంబాకు శుభ్రంగా కడిగించాను, కుట్టకుండా గుడ్డ కట్టించాను, నరం తెగినట్టుందని చీటీ రాయించాను. మధ్యాహ్నం బస్సుకు మల్లవ్వను వాళ్ళ ఆయన కరీంనగర్ తీసుకుపోయాడు. తెగిన రోజే పోయింది. ఆమెకు ఎవరి నరమూ అక్కర్లేకపోవచ్చు.

నేను లేస్తుంటే, ఆ పుల్ల ఇక్కడే పెట్టి పొమ్మన్నాడు ఆయన. చీపురు నిండా పుల్లలే ఉన్నాయి, ఒకటి విరుచుకోమన్నాను.

మా అత్త ఇప్పుడు నా కుడి చేతి నుంచి టీ తీసుకుంటోంది. అన్నం ఇంకా లేదు. బీడీలు గంటకు ఇన్నని చుట్టలేను గాని, కార్డు మాత్రం పోలేదు. నాకు తొవ్వ ఇచ్చిన ఆ మనిషి ఆడో మగో, ఏ ఊరో, నాకు తెలియదు, చెప్పరు కూడా. వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఏడుస్తూ ఏ కాగితం మీద సంతకం పెట్టారో తలచుకున్నప్పుడు మాత్రమే నా కోపం కాసేపు చల్లారుతుంది.

ఆ రోజు పుల్ల నాతోనే తెచ్చుకున్నాను. ఇంటి దాకా దాన్ని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య తిప్పుతూ నడిచాను. ఒక పక్క నున్నగా ఉంది, ఇంకో పక్క గరుకుగా ఉంది. మధ్యలో ఒకచోట చిన్న కణుపు. ఇంటికొచ్చి శాట ముందు కూర్చున్నాక గాని, దారిలో ఒక్కసారి కూడా దాని వైపు చూడలేదని గుర్తు రాలేదు.